కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్: ప్రైవేటు కాలేజీలో డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

ఫ్రీమాంట్, మిల్పిటాస్, శాన్ రామోన్ వైపు ఉండే మన తెలుగు ఆడవాళ్ళు ఎవరు కలిసినా నన్ను అడిగే మాట ఒకటే: "ఎల్‌వీఎన్ చేద్దామనుకుంటున్నానండీ, ఏ కాలేజీ మంచిది?" ఎల్‌వీఎన్ అంటే ఏడాది పైచిలుకు కోర్సుతో వచ్చే ఒక రకం నర్సు లైసెన్స్, వివరం కింద చెప్తాను. కాలేజీ పేరు మాత్రం నేను చెప్పను. ప్రైవేటు కెరీర్ కాలేజీల్లో ఇవాళ బాగున్నది రెండేళ్ళ తర్వాత బాగుండకపోవచ్చు. ప్రోగ్రాం డైరెక్టర్ మారితే చాలు, మంచి టీచర్లు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. అందుకే పేరు బదులు ఎలా చూసుకోవాలో చెప్తాను. నేను ఇవేవీ చూసుకోకుండా చేరాను, దానివల్ల ఎంత నష్టపోయానో నాకు తెలుసు.

కాలేజీ కంటే ముందు వీసా. హెచ్-4 (హెచ్-1 వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు, అందులో ఇబ్బంది లేదు. ఉద్యోగం చెయ్యాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, కావాలి. 2015 మే నుంచి హెచ్-4 వాళ్ళకి అది ఇస్తున్నారు, కానీ అందరికీ కాదు. మీ భర్తకి (లేదా భార్యకి) గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉండాలి, లేదంటే గ్రీన్ కార్డు ప్రాసెస్ మీద ఆరేళ్ళు దాటి హెచ్-1 పొడిగించి ఉండాలి. ఈఏడీ లేకుండా కోర్సు చేసి, లైసెన్స్ తెచ్చుకుని, ఇంట్లో కూర్చుంటే నేర్చుకున్నది చేతుల్లోంచి జారిపోతుంది. ఇంకోటి, "నర్సులకి గ్రీన్ కార్డు తేలిగ్గా వస్తుందట కదా" అని చాలామంది ఆశ పెట్టుకుంటారు. ఇమిగ్రేషన్‌లో షెడ్యూల్ ఏ అని ఒక జాబితా ఉంది, అందులో ఉన్నది రిజిస్టర్డ్ నర్సులు, అంటే ఆర్‌ఎన్‌లు. ఎల్‌వీఎన్‌లు లేరు. హెచ్-1బీ కూడా డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలకే, ఎల్‌వీఎన్ ఉద్యోగం ఆ లెక్కలోకి రాదు. ఈ సంగతి అడ్మిషన్స్ వాళ్ళు చెప్పరు. చాలామందికి తెలియను కూడా తెలియదు. అందుకని మీ వీసా పరిస్థితి ఒక కాగితం మీద రాసుకుని, కోర్సు అయ్యేనాటికి నా చేతిలో పని చేసే అనుమతి ఉంటుందా లేదా అని ముందు తేల్చుకోండి. అవసరమైతే ఒక గంట లాయర్‌కి డబ్బులిచ్చి అడగండి. కోర్సుకి పెట్టే ముప్ఫై వేల డాలర్ల ముందు ఆ ఫీజు ఎంత?

ఇండియాలో జీఎన్‌ఎమ్ గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి వచ్చినవాళ్ళకి వేరే మాట. మీరు ఎల్‌వీఎన్ కోర్సు వైపు చూడకముందే మీ మార్కుల షీట్లు, ట్రాన్‌స్క్రిప్టులు కాలిఫోర్నియా బోర్డ్ ఆఫ్ రిజిస్టర్డ్ నర్సింగ్‌కి పంపించి ఆర్‌ఎన్‌కి అప్లై చెయ్యండి. టైమ్ పడుతుంది, ఇండియా కాలేజీ నుంచి కాగితాలు తెప్పించడం పెద్ద పని, థియరీ, క్లినికల్ (ఆసుపత్రుల్లో పేషెంట్ల దగ్గర చేసే ట్రైనింగ్) ఒకే కాలంలో జరగలేదనో, గంటలు తక్కువయ్యాయనో ఒకటి రెండు సబ్జెక్టులు మళ్ళీ చెయ్యమనొచ్చు. అయినా సరే, మీకు ఉన్న చదువును పక్కన పడేసి ఒక మెట్టు కిందది డబ్బిచ్చి కొనుక్కోవద్దు. మా క్లాసులో గుంటూరులో ఏడేళ్ళు వార్డుల్లో పనిచేసి వచ్చిన ఆమె ఒకరు మాతోపాటు మొదటి రోజు బీపీ చూడటం నేర్చుకుంటూ కూర్చుంది. ఆమెకి ఈ మాట ముందే చెప్పినవాళ్ళు లేరు.

సరే, అసలు ఎల్‌వీఎన్ అంటే ఏంటో ఒక్క ముక్కలో. లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్. ఈ పేరు కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో వాడతారు, మిగతా రాష్ట్రాల్లో ఎల్‌పీఎన్ అంటారు. ఆర్‌ఎన్ లేదా డాక్టర్ చెప్పినట్టు మందులు ఇవ్వడం, ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, పేషెంట్‌ని గమనించి రాయడం. ఉద్యోగాలు ఎక్కువగా నర్సింగ్ హోముల్లో, ఇంటికి వెళ్ళి చూసే హోమ్ హెల్త్‌లో, క్లినిక్కుల్లో, జైళ్ళలో. పెద్ద హాస్పిటళ్ళలో తక్కువ. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళో చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు, వృద్ధులు, ఆపరేషన్ అయినవాళ్ళు ఉండే చోటు. సాయంత్రం షిఫ్టులో మందుల బండి తోసుకుంటూ పాతిక మంది దాకా చూసుకోవాల్సి రావచ్చు. నాకు ఆ పని ఇష్టం, కానీ తెలిసి రావాలి. అమెరికా లేబర్ శాఖ లెక్క ప్రకారం 2023 మేలో దేశం మొత్తం మీద ఎల్‌పీఎన్, ఎల్‌వీఎన్‌ల మధ్యస్థ జీతం ఏడాదికి 59,730 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 86,070. కాలిఫోర్నియాలో రెండూ దీనికంటే ఎక్కువే, ఇంటి అద్దెలూ అంతే ఎక్కువ. ఫీజు గురించి ఆలోచించేటప్పుడు ఈ అంకెలు కళ్ళ ముందు ఉండాలి.

ఇక కాలేజీ. నా పద్ధతి లైసెన్స్ నుంచి వెనక్కి రావడం. మీకు కావాల్సింది కాలేజీ సర్టిఫికెట్ కాదు, లైసెన్స్. ఆ లైసెన్స్ ఇచ్చేది శాక్రమెంటోలో ఉన్న బీవీఎన్‌పీటీ అనే బోర్డు, దానికోసం రాయాల్సిన పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్. బోర్డు రూల్ ప్రకారం కోర్సు కనీసం 1,530 గంటలు ఉండాలి, అందులో 576 గంటలు థియరీ, 954 గంటలు క్లినికల్. పూర్తిటైమ్ అయితే ఏడాది, ఏడాదికి కాస్త పైన. ఇంతకంటే చాలా తొందరగా అయిపోతుందని ఎవరైనా చెప్తే అది ఎల్‌వీఎన్ కాదు, నర్సింగ్ అసిస్టెంట్‌దో మెడికల్ అసిస్టెంట్‌దో అయ్యుంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రకటనల్లో అన్నిటికీ కలిపి "నర్సింగ్ కోర్స్" అనే రాస్తారు, జాగ్రత్తగా చదవండి.

బోర్డు వెబ్‌సైట్‌లో రెండు చూడాలి. ఒకటి, అప్రూవ్ అయిన ప్రోగ్రాముల జాబితా. అక్కడ కాలేజీ పేరు పక్కన ప్రొవిజనల్ అని ఉంటే బోర్డు ఆ కాలేజీ మీద కన్నేసి ఉంచిందని అర్థం, ఎందుకో కాలేజీనే నేరుగా అడగండి. ఒకే పేరుతో నాలుగు ఊళ్ళలో క్యాంపస్‌లు ఉంటే మీరు వెళ్ళే ఊరి క్యాంపస్‌నే వెతకాలి, ఒకచోట బాగుంటే అన్నిచోట్లా బాగుంటుందని లేదు. రెండోది, ఎన్‌క్లెక్స్ మొదటిసారి రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారో కాలేజీల వారీగా, మూడు నెలలకోసారి ఇచ్చే లెక్క. రాష్ట్ర సగటు కంటే 10 పాయింట్లకి మించి కిందికి పోకూడదని రూల్ ఉంది. మీరు మాత్రం సగటుకి పైన ఉన్నదాన్నే చూసుకోండి, అదీ ఒక్క త్రైమాసికం కాదు, రెండు మూడేళ్ళవి వరసగా పెట్టుకుని చూడండి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పాస్ శాతం 95 అని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉండొచ్చు. రాసినవాళ్ళు ఎంతమంది? బోర్డు పట్టికలో ఆ సంఖ్య కూడా ఉంటుంది. క్లాసులో ముప్ఫై మంది చేరి, మధ్యలో పది మంది ఫెయిలై వెళ్ళిపోయి, చివర్లో కాలేజీ పెట్టే ఎగ్జిట్ ఎగ్జామ్‌లో ఇంకో ఆరుగురు ఆగిపోతే, పరీక్ష దాకా వెళ్ళేది పద్నాలుగు మందే. వాళ్ళలో 13 మంది పాసైతే 93 శాతం. మీరు ఆ మిగిలిన పదహారు మందిలో ఉంటే? అందుకే ఎగ్జిట్ ఎగ్జామ్ ఉందా, దాంట్లో ఎంత రావాలి, రాకపోతే ఎన్నిసార్లు రాయనిస్తారు, అప్పటికీ రాకపోతే మళ్ళీ డబ్బు కట్టాలా, నా పేరు బోర్డుకి పంపుతారా లేదా, ఇవన్నీ కాలేజీ రూల్స్ పుస్తకంలో, అంటే కేటలాగ్‌లో, ఏ పేజీలో ఉన్నాయో చూపించమనండి. నోటిమాట నీటిమూట.

దీనికి జోడీగా చూడాల్సిన కాగితం స్కూల్ పర్‌ఫార్మెన్స్ ఫ్యాక్ట్ షీట్. కాలిఫోర్నియాలో ప్రైవేటు కాలేజీలను చూసే ప్రభుత్వ శాఖ బీపీపీఈ. దాని రూల్ ప్రకారం సంతకం పెట్టించుకునే ముందే ఈ షీట్ మీ చేతికి ఇవ్వాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది అనుకున్న టైమ్‌కి పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, లైసెన్స్ పరీక్ష ఎంతమంది పాసయ్యారు, జీతాలు ఎంత, అన్నీ ఉంటాయి. ఉద్యోగాల పట్టికలో వారానికి 20 నుంచి 29 గంటలు చేసేవాళ్ళని, 30 అంతకంటే ఎక్కువ చేసేవాళ్ళని వేరువేరుగా చూపిస్తారు, ఆ తేడా తప్పకుండా గమనించండి. నాకు ఈ షీట్ ఇచ్చారు. ఇరవై కాగితాల మధ్యలో పెట్టి "ఇక్కడ ఇనిషియల్స్, ఇక్కడ ఇనిషియల్స్" అంటూ పేజీలు తిప్పారు, నేను పెట్టుకుంటూ పోయాను. మీరు అలా చెయ్యకండి. ఇంటికి తీసుకెళ్ళి రాత్రి పిల్లలు పడుకున్నాక నింపాదిగా చదవండి. ఇంటికి ఇవ్వమంటే ఇవ్వనన్న కాలేజీకి మళ్ళీ వెళ్ళాల్సిన పని లేదు.

అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడాల్సింది క్లినికల్ గురించి. 954 గంటలు అంటే కోర్సులో సగం కంటే చాలా ఎక్కువ, నర్సు అయ్యేది అక్కడే. మెడికల్ సర్జికల్‌కి ఎక్కడికి వెళ్తారు, ప్రసూతి వార్డు ఎక్కడ, పిల్లల వార్డు ఎక్కడ? కొన్ని కాలేజీలకి నర్సింగ్ హోములు తప్ప ఏమీ దొరకవు, పిల్లల క్లినికల్ అని డేకేర్‌కి పంపిస్తారు. "ఇప్పుడు ఒప్పందం ఉన్న చోట్ల జాబితా ఇవ్వండి, పోయిన బ్యాచ్ నిజంగా వెళ్ళిన చోట్లు ఏవి?" అని రెండు ప్రశ్నలుగా అడగండి, ఎందుకంటే ఆ రెండు జాబితాలు ఒకటి కాకపోవచ్చు. ఒక టీచర్ కింద క్లినికల్‌లో 15 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని బోర్డు రూల్. పదిమంది ఉంటే మీకు చెయ్యి తిరుగుతుంది. పదిహేను మందికి ఒకే టీచర్ ఉంటే ఎన్‌జీ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) వేసే అవకాశం ఎవరికో ఒకరికి వస్తుంది, మిగతావాళ్ళు వెనక నిలబడి చూస్తారు.

నేను చేరిన కాలేజీకి రెండో టర్మ్‌లో ఒక క్లినికల్ చోటు పోయింది. కొత్తది దొరికేదాకా మా బ్యాచ్ మొత్తం దాదాపు మూడు నెలలు ఆగాం. ఆ మూడు నెలలూ డేకేర్ ఫీజు ఆగలేదు, లోన్ వడ్డీ ఆగలేదు. తర్వాత దొరికిన చోటు మా ఇంటికి అరవై మైళ్ళు. ఉదయం 6:45 కి అక్కడ ఉండాలంటే నాలుగున్నరకి లేవాలి, పాపని స్కూల్‌కి పంపేది ఎవరు? మా ఆయన ఆఫీసులో పొద్దున మీటింగులు మార్చుకున్నారు కాబట్టి గట్టెక్కాను, మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ కారణంతోనే మానేశారు. కాబట్టి "అత్యంత దూరం క్లినికల్ ఎన్ని మైళ్ళు, ఎన్నింటికి మొదలు, శని ఆదివారాలు ఉంటాయా, చోటు పోతే మా గతేంటి" అని అడిగి, సమాధానం ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఇంట్లో కూడా ఆ టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని మాట్లాడండి. ఇండియా నుంచి అమ్మనో అత్తగారినో పిలిపించుకుంటే వాళ్ళు ఉండేది ఆరు నెలలు, కోర్సు ఏడాది. ఏ ఆరు నెలలు అనేది కోర్సు మొదలవ్వకముందే అనుకోవాలి.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు అడ్మిషన్స్ గదిలో కూర్చుని వచ్చేయకండి. స్కిల్స్ ల్యాబ్ చూడండి, మంచాలు ఎన్ని, పేషెంట్ బదులు ప్రాక్టీసుకి వాడే బొమ్మలు పనిచేస్తున్నాయా, సిరంజీలు, డ్రెస్సింగ్ సామాను నిజంగా వాడుతున్నట్టు ఉన్నాయా. ప్రోగ్రాం డైరెక్టర్‌తో పది నిమిషాలు మాట్లాడాలని అడగండి, ఆమె ఎన్నాళ్ళుగా ఇక్కడ ఉన్నారో అడగండి. తర్వాత బయటికొచ్చి, లంచ్ బ్రేక్‌లో పార్కింగ్ దగ్గర నిలబడి స్క్రబ్స్ వేసుకున్న రెండో మూడో టర్మ్ వాళ్ళతో మాట్లాడండి. మొదటి టర్మ్ వాళ్ళకి ఇంకా ఏమీ తెలియదు. "మీ బ్యాచ్‌లో ఎంతమంది మొదలుపెట్టారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? టీచర్లు ఎంతమంది మారారు?" ఈ రెండే అడగండి, వాళ్ళే మిగతాది చెప్తారు. మా అక్క కూతురు కోసం నేను ఇలా నాలుగు కాలేజీల బయట నిలబడ్డాను, ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు.

అడ్మిషన్స్ వాళ్ళు మంచివాళ్ళే అయ్యుండొచ్చు, కానీ వాళ్ళ పని సీట్లు నింపడం. "ఇవాళ కడితే ఈ ఫీజు, రేపు పెరుగుతుంది", "మూడే సీట్లు ఉన్నాయి" అంటే లేచి వచ్చేయండి. మన వాళ్ళకి ఎదుటి మనిషి మర్యాదగా మాట్లాడితే కాదనడానికి మొహమాటం, ఆ మొహమాటంతోనే నేను మొదటి రోజే చెక్కు రాశాను.

డబ్బు సంగతి. బే ఏరియా, లాస్ ఏంజెలెస్ వైపు ప్రైవేటులో ముప్ఫై వేల డాలర్లు దాటడం మామూలు. యూనిఫామ్, పుస్తకాలు, లైవ్ స్కాన్ వేలిముద్రలు, టీకాలు, టీబీ టెస్ట్, సీపీఆర్ కార్డు, ఎన్‌క్లెక్స్ ఫీజు 200 డాలర్లు, బోర్డు అప్లికేషన్ ఫీజు, ఇవి అందులో ఉన్నాయో లేవో విడిగా రాయించుకోండి. దీని పక్కన పెట్టి చూడాల్సింది కమ్యూనిటీ కాలేజీ. కాలిఫోర్నియా నివాసులకి అక్కడ యూనిట్‌కి (అంటే ఒక్కో క్రెడిట్‌కి) 46 డాలర్లే. కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో, అడల్ట్ స్కూళ్ళలో కూడా ఎల్‌వీఎన్ ఉంది. సీట్లు తక్కువ, ఎదురుచూడాలి, కొన్నిచోట్ల అనాటమీ లాంటివి ముందే చేసి ఉండాలి. ఇక్కడ ఏడాది పైగా ఉన్న హెచ్-4 వాళ్ళు కూడా నివాసి ఫీజుకి అర్హులు కావచ్చు, కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి. నన్నడిగితే, ఏడాది ఆగగలిగే పరిస్థితి ఉన్నవాళ్ళు ఆగి అక్కడ ప్రయత్నించడమే మంచిది. ఆగలేనివాళ్ళు, లేదా సాయంత్రం బ్యాచ్ తప్ప కుదరనివాళ్ళు ప్రైవేటుకి వెళ్ళాలి, అది తప్పు నిర్ణయం ఏమీ కాదు.

తర్వాత ఆర్‌ఎన్ చేద్దామని మనసులో ఉంటే ఇంకో జాగ్రత్త. చేరేటప్పుడు సంతకం పెట్టే అగ్రిమెంట్‌లో క్రెడిట్ల బదిలీ గురించి ఒక నోటీసు తప్పనిసరిగా ఉంటుంది: ఇక్కడి క్రెడిట్లు తీసుకోవాలా వద్దా అనేది మీరు తర్వాత వెళ్ళే కాలేజీ ఇష్టం అని. చాలామంది చదవని పేరా అది. ప్రైవేటులో చదివిన అనాటమీ, ఫిజియాలజీని కమ్యూనిటీ కాలేజీ ఆర్‌ఎన్ ప్రోగ్రాం ఒప్పుకోకపోవచ్చు. అందుకని అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ఎప్పుడు చేసినా కమ్యూనిటీ కాలేజీలోనే చెయ్యండి. కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్‌లకి 30 యూనిట్ల దారి అని ఒకటుంది, దాంతో ఆర్‌ఎన్ లైసెన్స్ వస్తుంది, డిగ్రీ రాదు, చాలా రాష్ట్రాలు దాన్ని ఒప్పుకోవు. రేపు మీ ఆయనకి ఆస్టిన్‌లోనో డల్లస్‌లోనో ఉద్యోగం మారితే ఇబ్బంది.

కాలేజీ మూతపడటం కూడా జరుగుతుంది. కొరింథియన్ కాలేజెస్ అనే ప్రైవేటు కాలేజీల సంస్థ 2015 ఏప్రిల్‌లో మిగిలిన క్యాంపస్‌లన్నీ ఒక్కసారిగా మూసేసింది, 2018 డిసెంబర్‌లో బ్రైట్‌వుడ్ కాలేజీలూ అలాగే మూతపడ్డాయి, విద్యార్థులు కోర్సు మధ్యలో రోడ్డు మీద పడ్డారు. కాలిఫోర్నియాలో స్టూడెంట్ ట్యూషన్ రికవరీ ఫండ్ అని ఒకటి ఉంది, ఇలాంటప్పుడు కట్టిన ఫీజు కోసం అక్కడ అప్లై చెయ్యొచ్చు. దానికి కాగితాలే ఆధారం. అగ్రిమెంట్, రసీదులు, హాజరు, క్లినికల్ గంటల షీట్లు, మార్కులు, ప్రతి నెలా ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి. గంటల రికార్డు మీ దగ్గర ఉంటే ఇంకో కాలేజీలో చేరేటప్పుడు కూడా అదే మీ పక్షాన మాట్లాడుతుంది. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా టర్మ్ వారీగా కట్టే ఏర్పాటు అడగండి, వడ్డీ లేకపోతే అదే తీసుకోండి.

అన్నీ చూసుకుని సంతకం పెట్టాక కూడా మీకు కొంత సమయం ఉంటుంది. మొదటి క్లాసు రోజు వరకు, లేదా సంతకం పెట్టి చేరిన ఏడో రోజు వరకు, ఈ రెండిట్లో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా మీరు రద్దు చేసుకోవచ్చు, డబ్బు వెనక్కి ఇవ్వాలి. అప్లికేషన్ ఫీజు కింద 250 డాలర్లకి మించి పట్టుకోవడానికి లేదు. ఆ తర్వాత కూడా కోర్సులో 60 శాతం లోపు మానేస్తే మిగిలిన భాగానికి లెక్కకట్టి వెనక్కి ఇవ్వాలి. కాబట్టి మొదటి క్లాసుకి పరీక్షకి వెళ్ళినట్టు వెళ్ళండి. టీచర్ వచ్చారా, సిలబస్ చేతికి ఇచ్చారా, చెప్పిన క్లినికల్ షెడ్యూల్ అదేనా, ముప్ఫై మంది అన్నచోట నలభై ఐదు మంది కూర్చున్నారా. ఏదైనా తేడాగా అనిపిస్తే ఇంటికెళ్ళి ఆలోచిద్దాం అనుకోకండి, గడువు ఆ రోజుతోనే అయిపోవచ్చు. రద్దు చేసుకుంటున్నానని అగ్రిమెంట్‌లో ఇచ్చిన అడ్రస్‌కి ఆ రోజే రాతపూర్వకంగా పంపండి, ఈమెయిల్ కూడా చెయ్యండి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.